ఓపాక్‌లో ఉంది, రాక్‌లో లేదు: యూనివర్సిటీ లైబ్రరీల్లో పుస్తకాలు ఏమవుతున్నాయి?

యూనివర్సిటీ లైబ్రరీలో కొన్నాళ్లు తిరిగిన వాళ్లకు ఇది తెలిసిన సంగతే. కంప్యూటర్‌లో ఓపాక్ (లైబ్రరీ ఆన్‌లైన్ కేటలాగు) తెరిచి పుస్తకం పేరు కొడితే ‘అందుబాటులో ఉంది’ అని చూపిస్తుంది. పుస్తకం ఏ అరలో ఉండాలో చెప్పే కాల్ నంబరు రాసుకుని రాక్ దగ్గరికి వెళ్తే అక్కడ ఉండదు. పై అర, కింది అర, పక్క రాక్ అన్నీ చూసి కౌంటర్‌లో అడిగితే ‘ఎవరో లోపల చదువుతుంటారు, రేపు చూడండి’ అంటారు. రేపూ ఉండదు, వచ్చే నెలా ఉండదు. ఓపాక్‌లో మాత్రం ఏళ్ల తరబడి కనిపిస్తూనే ఉంటుంది.

ఎవరైనా ఎత్తుకుపోయి ఉండొచ్చు. పరీక్షల ముందు ఒక విద్యార్థి వేరే సబ్జెక్టు రాక్ వెనక దాచి ఉండొచ్చు. సర్దేటప్పుడు తప్పు చోట పెట్టి ఉండొచ్చు. బైండింగ్‌కు పంపిన కట్టలో చిక్కుకుని ఉండొచ్చు. ఎప్పుడో తీసుకెళ్లిన ఒక అధ్యాపకుడి గదిలో ఇంకా ఉండొచ్చు. వీటిలో ఏది జరిగిందో లైబ్రరీకి తెలియదు. దొంగతనం, డ్యామేజీ అని మనం మాట్లాడుకునే సమస్య చాలావరకు ఈ తెలియకపోవడంలోనే ఉందని నా అభిప్రాయం. తెలియనంత కాలం దొంగకు భయం లేదు, చదివేవాడికి దారి లేదు.

దీనికి ప్రపంచం మొత్తం చూసిన ఉదాహరణ కేంబ్రిడ్జ్‌లో ఉంది. పరిణామ సిద్ధాంతం మీద ఆలోచనలు రూపు దిద్దుకుంటున్న రోజుల్లో, 1837 నుంచి చార్లెస్ డార్విన్ చిన్న నోటు పుస్తకాల్లో రాసుకుంటూ వచ్చాడు. వాటిలో రెండు కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉండేవి. జీవజాతులన్నీ ఒకే చెట్టు కొమ్మల్లా విడిపోయాయని చూపే ప్రసిద్ధమైన ‘జీవవృక్షం’ బొమ్మ ఉన్నది వాటిలో ఒకదానిలోనే. 2000 నవంబరులో ఫొటోలు తీయడానికి వాటిని స్ట్రాంగ్ రూమ్ నుంచి బయటికి తెచ్చారు. 2001 జనవరిలో మామూలుగా చేసే తనిఖీలో అవి ఉన్న పెట్టె కనిపించలేదు. ఎక్కడో తప్పు చోట పెట్టి ఉంటారని అనుకున్నారు. కోటికి పైగా పుస్తకాలు, పటాలు, చేతిరాతలు ఉన్న భవనంలో అలా అనుకోవడం అసహజం కాదు. ఆ నమ్మకం మీదే దాదాపు 20 ఏళ్లు గడిచిపోయాయి.

2020లో కొత్త లైబ్రేరియన్ హయాంలో పెద్ద ఎత్తున వెతికించారు. డార్విన్ కాగితాలున్న 189 పెట్టెలనూ ఒక్కొక్కటిగా తెరిచి చూశారు. దొరకలేదు. దొంగతనమే జరిగి ఉంటుందని ఆ ఏడాది నవంబరు 24న బహిరంగంగా ప్రకటించి, పోలీసులకు చెప్పి, తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే సాయం చేయమని అడిగారు. 2022 మార్చి 9న లైబ్రేరియన్ ఆఫీసు బయట, సీసీ కెమెరా లేని చోట, ఒక గులాబీ రంగు గిఫ్ట్ బ్యాగు కనిపించింది. లోపల రెండు నోటు పుస్తకాలూ క్షేమంగా ఉన్నాయి. కవరు మీద లైబ్రేరియన్‌కు ఈస్టర్ శుభాకాంక్షలు రాసి ఉన్నాయి. ఎవరు పెట్టారో తేలలేదు.

ప్రకటన వల్లే అవి తిరిగొచ్చాయనడానికి రుజువు లేదు. అయినా వరస చూడండి. ‘ఎక్కడో ఉంటాయిలే’ అనుకున్నంత కాలం ఏమీ రాలేదు. ‘పోయాయి’ అని ఒప్పుకున్నాక 15 నెలల్లో వచ్చాయి.

దాచడం, చింపడం

డార్విన్ నోటు పుస్తకాలు వార్త అవుతాయి. సెమిస్టర్ పరీక్షల ముందు కనిపించకుండా పోయే అర్థశాస్త్రం పుస్తకం వార్త కాదు. కానీ విద్యార్థుల రోజువారీ బాధంతా ఈ రెండో రకంతోనే.

దాచేవాడి లెక్క సులభంగానే అర్థమవుతుంది. క్లాసులో 60 మంది, లైబ్రరీలో 2 కాపీలు. అందులో ఒకటి రిఫరెన్స్, బయటికి ఇవ్వరు. రెండోది ఎవరో తీసుకెళ్లారు. కొనాలంటే హాస్టల్ మెస్ బిల్లంత ధర. అందుకని రిఫరెన్స్ కాపీని తీసుకెళ్లి ఎవరూ వెళ్లని రాక్‌లో, ఏ సంస్కృత నిఘంటువుల వెనకో పెడతాడు. తను మాత్రం రోజూ వెళ్లి చదువుకుంటాడు. పరీక్షలయ్యాక దాన్ని తిరిగి పెట్టాలని గుర్తుండదు, కోర్సు అయిపోతే ఊరే వదిలేస్తాడు. పుస్తకం భవనం దాటలేదు, గేటు దగ్గర అలారం మోగలేదు. అయినా పెద్ద లైబ్రరీలో తప్పు చోట ఉన్న పుస్తకం పోయిన పుస్తకం కిందే లెక్క, ఎందుకంటే దాన్ని వెతికి పట్టుకోవడానికి కాల్ నంబరు తప్ప మరో ఆధారం లేదు.

పేజీలు చింపడం ఇంతకంటే నష్టం. పాత జర్నల్స్‌ను సంవత్సరం వారీగా కుట్టించిన బౌండ్ వాల్యూములు తెరిస్తే, ఒక వ్యాసం మొత్తాన్ని కుట్టు పక్కనుంచి బ్లేడుతో నీటుగా కోసుకెళ్లిన ఆనవాళ్లు కనిపిస్తాయి. పుస్తకం మొత్తం పోతే ఏదో ఒక రోజు స్టాక్ వెరిఫికేషన్‌లో తెలుస్తుంది. 30 పేజీలు పోతే ఏ రిజిస్టరులోనూ పడదు. యాక్సెషన్ నంబరు (లైబ్రరీ రిజిస్టరులో పుస్తకానికి ఇచ్చే నంబరు) ఉంది, అట్ట ఉంది, బార్‌కోడ్ ఉంది. కాబట్టి పుస్తకం ఉన్నట్టే. సరిగ్గా ఆ వ్యాసం కోసం జిల్లా నుంచి బస్సెక్కి వచ్చిన పరిశోధక విద్యార్థికి తప్ప ఆ లోటు ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడని చిక్కు ఒకటుంది. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు కౌంటర్‌లో బార్‌కోడ్ చూస్తారు, పేజీలు తిప్పి చూడరు. క్యూలో 30 మంది ఉంటే తిప్పి చూడడం కుదరదు కూడా. మరి చిరిగిన పేజీని చూసిన విద్యార్థి ఏం చేయాలి? చెబితే ‘నువ్వే చింపావా?’ అన్న ప్రశ్న వస్తుందని టెన్షన్. చాలా లైబ్రరీల నిబంధనల్లో, తీసుకునే ముందే పుస్తకం సరిగ్గా ఉందో లేదో చూసుకోవాల్సిన బాధ్యత తీసుకునేవాడిదే, తర్వాత బయటపడిన డ్యామేజీకి ఆఖరుగా తీసుకున్నవాడే జవాబుదారు. నిబంధన ఉద్దేశం మంచిదే. కానీ దాని ఫలితంగా, చూసినవాడు చూడనట్టు మూసి తిరిగి ఇచ్చేస్తాడు. నిజం చెప్పినవాడికి శిక్ష పడే అవకాశం ఉన్నచోట లైబ్రరీకి సమాచారం రాదు.

తెలుగు పుస్తకాల విషయంలో ఇది మరీ బాధాకరం. ఒక ఇంగ్లీషు పాఠ్యపుస్తకం పోతే కొత్త ఎడిషన్ తెప్పించవచ్చు. తెలుగు మాధ్యమంలో ఉన్నత విద్య కోసం 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ వేసిన పుస్తకాల్లో ముద్రణ ఆగిపోయినవి చాలా ఉన్నాయి. పోటీ పరీక్షల వాళ్లకు అవి కావాలి, బజారులో దొరకవు. లైబ్రరీలో మిగిలిన ఒకే కాపీ మీద అందరి కళ్లూ ఉంటాయి. పాత తెలుగు పత్రికల సంపుటాలదీ, ఎప్పుడూ అచ్చుకాని పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలదీ ఇదే పరిస్థితి. పుస్తకం పోగొట్టినవాళ్లు ధర కట్టాలి అంటాయి నిబంధనలు. 1975లో 12 రూపాయలు ఉన్న పుస్తకానికి ఇప్పుడు ఎంత కట్టించుకున్నా ఆ పుస్తకం రాదు.

తాళం వేసిన గదిలోంచి

ఇంత జరుగుతుంటే చాలామంది చెప్పే పరిష్కారం ఒకటే: రాక్‌ల దగ్గరికి ఎవర్నీ పోనీయకండి, చీటీ రాసిస్తే అటెండర్ తెచ్చిస్తాడు. విలువైనవాటికి ఎలాగూ ఈ పద్ధతే ఉండాలి, అందులో సందేహం లేదు. కానీ తాళం మీద మరీ నమ్మకం పెట్టుకునే ముందు ఇటీవల యూరప్‌లో జరిగింది తెలుసుకోవాలి.

2022 ఏప్రిల్‌లో ఎస్టోనియాలోని టార్టు యూనివర్సిటీ లైబ్రరీకి ఇద్దరు వచ్చి, రష్యన్ రచయితలు పుష్కిన్, గోగోల్ రచనల 19వ శతాబ్దపు ముద్రణలు చూడాలన్నారు. అవి రాక్‌లో పెట్టే పుస్తకాలు కావు, అడిగితేనే ఇస్తారు. చూశారు, తిరిగి ఇచ్చారు, వెళ్లిపోయారు. తిరిగి ఇచ్చినవి నకళ్లని నెలల తర్వాత గాని తెలియలేదు. 8 పుస్తకాలు పోయాయి. ఆ తర్వాత లిథువేనియాలో విల్నియస్ యూనివర్సిటీ, పోలండ్‌లో వార్సా యూనివర్సిటీ లైబ్రరీలతో పాటు ఇంకా ఎన్నో చోట్ల ఇలాంటివే బయటపడ్డాయి. ఒక్క వార్సాలోనే 70కి పైగా పుస్తకాలు పోయాయి. 2024 ఏప్రిల్‌లో యూరోపియన్ యూనియన్ పోలీసు సంస్థ యూరోపోల్ 9 మంది జార్జియా దేశస్తుల అరెస్టును ప్రకటించింది. మొత్తం మీద కనీసం 170 పుస్తకాలు, దాదాపు 25 లక్షల యూరోల నష్టం అని లెక్క చెప్పింది.

ఇవి అన్నీ తాళం వేసిన చోట్లే, గుర్తింపు కార్డు చూపించాలి, పేరు రాయాలి. దొంగలు ఆ నియమాలన్నీ పాటించారు. పాటించారు కాబట్టే ఎవరూ అనుమానించలేదు. పుస్తకం వెళ్లేటప్పుడు ఎవరు తీసుకున్నారని చూశారు తప్ప, తిరిగి వచ్చింది అదే పుస్తకమా అని చూడలేదు.

అమెరికాలో దీనికంటే పెద్ద కథ ఉంది. 1990లో అయోవా రాష్ట్రంలోని ఒటమ్వా అనే ఊళ్లో స్టీఫెన్ బ్లంబర్గ్ అనే వ్యక్తి ఇంటిని ఎఫ్‌బీఐ సోదా చేస్తే 23,000కు పైగా పుస్తకాలు దొరికాయి. అమెరికా, కెనడాల్లోని 268 లైబ్రరీల నుంచి ఏళ్ల తరబడి పోగేసినవి. అతను వాటిని అమ్మలేదు, దాచుకున్నాడు. ఒక ప్రొఫెసర్ గుర్తింపు కార్డు దొంగిలించి, దానితో పరిశోధకుడిలా యూనివర్సిటీ లైబ్రరీల్లో తిరిగేవాడు. 71 నెలల జైలు శిక్ష పడింది. నాకు ఇందులో అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది సోదా తర్వాత జరిగిన పని. ఏ పుస్తకం ఏ లైబ్రరీదో తేల్చడం ఎఫ్‌బీఐకి పెద్ద పనైంది. తమ పుస్తకాలు పోయాయన్న సంగతి ఎఫ్‌బీఐ చెప్పేదాకా తెలియని లైబ్రరీలు ఎన్నో ఉన్నాయి.

లెక్క పెట్టడానికి ఎందుకు భయం?

మన దగ్గర ఈ లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో లైబ్రరీ పుస్తకాల తనిఖీకి ప్రత్యేకంగా ఒక నిబంధన ఉంది. 20,000 సంపుటాల దాకా ఉన్న లైబ్రరీలో ఏటా పూర్తి తనిఖీ, 50,000 దాకా ఉంటే మూడేళ్లకోసారి. అంతకు మించితే మూడేళ్లకు మించకుండా శాంపిల్ తనిఖీ చేస్తే చాలు. అందులో అసాధారణంగా తరుగు కనిపిస్తే అప్పుడు పూర్తి తనిఖీ చేయాలి. ఏడాదిలో ఇష్యూ చేసిన లేదా లోపల చదివిన ప్రతి 1,000 సంపుటాలకు 5 పోవడం సహజమేనని, అందులో మోసం గానీ నిర్లక్ష్యం గానీ లేకపోతే చాలని ఆ నిబంధన చెబుతుంది. 1,000 రూపాయలకు పైబడిన పుస్తకం పోయినా, ఎంత ధరదైనా అరుదైన పుస్తకం పోయినా విచారణ తప్పదు.

ఇది వివేకం ఉన్న నిబంధన. వాడే లైబ్రరీలో కొన్ని పుస్తకాలు పోతాయని ప్రభుత్వమే ఒప్పుకుంటోంది. ఏడాదికి లక్ష సార్లు పుస్తకాలు చేతులు మారే చోట 500 పోయినా సిబ్బందిని నేరస్తుల్లా చూడనక్కర్లేదు. ఇంకో మెలిక కూడా ఉంది. లోపల చదివి టేబుల్ మీద వదిలేసిన పుస్తకాలూ ఈ లెక్కలోకి వస్తాయి. వాటిని రోజూ రాసిపెట్టని లైబ్రరీ తనకు నిబంధన ఇచ్చిన వెసులుబాటును తానే తగ్గించుకుంటోంది.

అయినా భయం పోలేదు. దాని వేర్లు పాతవి. పుస్తకం కూడా కుర్చీ, బల్లలాంటి స్టాకే అనీ, తగ్గితే అప్పగించుకున్న ఉద్యోగి కట్టాలనీ ఆడిట్ చూసిన కాలం చాలా ఉంది. రిటైరయ్యే ముందు చార్జి అప్పగించేటప్పుడు తరుగు తేలితే పెన్షన్ కాగితాలు ఆగుతాయేమోనన్న బెంగ లైబ్రరీ ఉద్యోగుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ బెంగ ఉన్న మనిషి రెండు పనులు చేస్తాడు. మంచి పుస్తకాలను బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. పూర్తి తనిఖీని వీలైనంత వాయిదా వేస్తాడు. అతన్ని తప్పుపట్టలేం, వ్యవస్థే అతన్ని కాపలాదారుగా మార్చింది. కానీ దాని మూల్యం చెల్లించేది చదువుకోవడానికి వచ్చినవాళ్లు.

ఈ వాదన కొత్తది కాదు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి మొదటి లైబ్రేరియన్‌గా చేరిన ఎస్.ఆర్. రంగనాథన్ దీన్ని తన జీవితకాలమంతా వాదించారు. ఆంధ్రా యూనివర్సిటీ 1926లో ఏర్పడేదాకా తెలుగు జిల్లాల కాలేజీలు కూడా ఆ విశ్వవిద్యాలయం కిందే ఉండేవి. గణితం పాఠాలు చెప్పుకునే ఆయన ఇంగ్లండ్ వెళ్లి అక్కడి లైబ్రరీలు చూసి వచ్చి, పాఠకులను నేరుగా రాక్‌ల దగ్గరికి పంపే పద్ధతిని మద్రాసులో తెచ్చారు. పుస్తకాలు వాడకం కోసమే అన్నది 1931లో ఆయన ప్రకటించిన ఐదు సూత్రాల్లో మొదటిది. మధ్యయుగాల యూరప్‌లో పుస్తకాలను గొలుసులతో బల్లలకు కట్టి ఉంచిన సంగతిని దాని వివరణలోనే గుర్తుచేశారు. దాదాపు వందేళ్లు గడిచాయి. గొలుసులు లేవు గానీ బీరువా తాళాలు అలాగే ఉన్నాయి.

యంత్రాలు ఏం చేస్తాయి, ఏం చేయలేవు

లైబ్రరీ గేటు దగ్గర రెండు స్తంభాలు ఉంటాయి. పాత పద్ధతిలో పుస్తకం కుట్టులో సన్నని లోహపు పట్టీ దాచి పెడతారు, ఇష్యూ చేసినప్పుడు దాని అయస్కాంత గుణాన్ని మారుస్తారు, మార్చకుండా దాటితే గేటు మోగుతుంది. కొత్త పద్ధతి ఆర్‌ఎఫ్‌ఐడి. స్టిక్కరు లాంటి ట్యాగులో చిన్న చిప్పు, చుట్టూ యాంటెన్నా ఉంటాయి. 13.56 మెగాహెర్ట్జ్ తరంగాలతో అది రీడరుకు, అంటే ట్యాగును చదివే యంత్రానికి, తన నంబరు చెబుతుంది. గేటు బాగా పనిచేసినా పుస్తకం గడప దాటడాన్నే ఆపుతుంది. ట్యాగు పీకేస్తే, కిటికీలోంచి కిందికి వేస్తే, 30 పేజీలు కోసి జేబులో పెట్టుకుంటే దానికి తెలియదు. కిటికీలకు ఇనుప వల కొట్టించిన లైబ్రేరియన్లు తెలివైనవాళ్లు.

ఆర్‌ఎఫ్‌ఐడి అసలు లాభం గేటులో లేదని నేను అనుకుంటాను. చేతిలో పట్టుకునే రీడరుతో రాక్‌ల వెంట నడిస్తే, ఒక్కో పుస్తకాన్ని బయటికి తీయకుండానే అక్కడ ఏవి ఉన్నాయో, ఏవి ఉండకూడనివి ఉన్నాయో చదివేస్తుంది. వేసవి సెలవుల్లో నెలల తరబడి యాక్సెషన్ రిజిస్టరు పట్టుకుని చేసే తనిఖీ రోజుల్లోకి వస్తుంది. సంస్కృత నిఘంటువుల వెనక దాచిన అర్థశాస్త్రం దొరుకుతుంది. లక్షలు పెట్టి గేట్లు కొన్న చోట ఈ చేతి రీడరు మూలన పడి ఉండకూడదు.

దొంగ లేకుండా జరిగే నష్టం ఇంకొకటి ఉంది, దాన్ని మన పాత లేఖకులు బాగా ఎరుగుదురు. తాళపత్ర గ్రంథాల చివర రాసే శ్లోకం ఒకటి చాలామందికి తెలుసు: ‘తైలాద్రక్షేత్ జలాద్రక్షేత్ రక్షేత్ శిథిలబంధనాత్, మూర్ఖహస్తే న దాతవ్యమేవం వదతి పుస్తకమ్’. నూనె నుంచి, నీటి నుంచి, వదులైన కట్టు నుంచి నన్ను కాపాడండి, మూర్ఖుడి చేతికి ఇవ్వకండి అని పుస్తకం చెబుతోంది. ఇందులో దొంగ ఊసే లేదు. విశాఖ లాంటి సముద్రతీరంలో తేమ, వర్షాకాలంలో కారే కప్పు, చెదలు, సిల్వర్‌ఫిష్ పురుగులు ఏ దొంగా చేయలేనంత పని చేస్తాయి. 19వ శతాబ్దం చివరి నుంచి చెక్క గుజ్జుతో చేసిన చౌక కాగితం తనలోని ఆమ్లంతోనే పసుపు రంగుకు తిరిగి పెళుసెక్కుతుంది. చిరిగిన పేజీకి ప్రేమగా అంటించిన సెల్లోటేపు కొన్నేళ్లకు గోధుమరంగు మరకై అక్షరాలను తినేస్తుంది. పుస్తకాన్ని జిరాక్స్ మెషీన్ మీద బోర్లా నొక్కితే కుట్టు విరుగుతుంది.

జిరాక్స్ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. కుట్టు విరిచినా పేజీలను బ్లేడు నుంచి ఎక్కువగా కాపాడింది కూడా జిరాక్సే. పేజీకి రూపాయో రెండో పెడితే పనయ్యేచోట చాలామంది చింపరు. ఢిల్లీ యూనివర్సిటీలో ఒక జిరాక్స్ షాపు, కోర్సుకు కావలసిన భాగాలను కలిపి కట్టలుగా అమ్ముతోందని 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ప్రెస్‌లు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కోర్టుకెళ్లాయి. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ దావాను కొట్టేసింది. బోధనలో భాగంగా చేసే నకలుకు కాపీరైట్ చట్టం సెక్షన్ 52 మినహాయింపు ఇస్తుందన్నది దాని సారాంశం. ఆ డిసెంబరులో డివిజన్ బెంచ్ కూడా ఆ న్యాయసూత్రాన్ని సమర్థించింది, 2017లో ప్రచురణకర్తలు కేసు వదులుకున్నారు. విద్యార్థికి కావలసిన పేజీలు చట్టబద్ధంగా, చౌకగా అందితే లైబ్రరీ పుస్తకం బతుకుతుంది.

ఇంగ్లీషు జర్నల్స్ విషయంలో ఇప్పుడు ఆ అవసరమే తగ్గుతోంది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం దాదాపు 13,000 జర్నల్స్‌ను ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలన్నిటికీ కంప్యూటర్ మీదికి తెస్తుంది. ఇక బ్లేడుకు గురయ్యేది ఎక్కడా స్కాన్ కానిదే: తెలుగు పత్రికల పాత సంపుటాలు, సిద్ధాంత గ్రంథాలు, ముద్రణ ఆగిన పాఠ్యపుస్తకాలు. ఏది ముందు స్కాన్ చేయాలో నిర్ణయించేటప్పుడు ఎక్కువగా చిరుగుతున్నది ఏదో చూస్తే సగం జవాబు దొరుకుతుంది.

శిక్ష, క్షమ, ప్రకటన

పుస్తకం దొంగతనం దొంగతనమే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 303 దొంగతనం గురించి చెబుతుంది. దొంగిలించిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, మొదటిసారి శిక్షపడినవాడు ఆ సొత్తు గానీ దాని విలువ గానీ తిరిగి ఇస్తే, జైలుకు బదులు సమాజసేవ శిక్షగా వేయాలని అదే సెక్షన్ చెబుతోంది. తొందరపాటుతో పుస్తకం ఎత్తుకెళ్లిన 20 ఏళ్ల విద్యార్థికి ఇది సరిపోతుంది. 75 ఏళ్లు దాటిన, సాహిత్య, చారిత్రక విలువ ఉన్న చేతిరాతల సంగతి వేరు. 1972 నాటి పురావస్తువుల చట్టం వాటికి వర్తిస్తుంది, అవి దేశం దాటకుండా చూడాలి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

చిన్నవాటి విషయంలో శిక్ష కంటే తిరిగి తెచ్చుకోవడం మీద ధ్యాస పెట్టాలి. ఏడాదికి ఒక వారం ఫైన్ లేకుండా, పేరు అడగకుండా, గేటు బయట ఒక పెట్టె పెట్టి పుస్తకాలు వేయమనాలి. చిరిగిన పేజీ గురించి చెప్పినవాడికి ఆ పుస్తకం డ్యామేజీ అంటకుండా నిబంధన మార్చాలి. దొరకని పుస్తకాన్ని ఓపాక్‌లో ‘అందుబాటులో ఉంది’ అని చూపించడం ఆపాలి. కోహా లాంటి లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో ‘కనిపించడం లేదు’ అని మార్చే వీలు ఉండనే ఉంది, ఒక్క క్లిక్ పని. అరుదైనవి పోతే పాత పుస్తకాల వ్యాపారులకు, పోలీసులకు వెంటనే తెలియాలి. యూనివర్సిటీ పరువు పోతుందని ఊరుకుంటే దొంగకు ఆ పుస్తకం అమ్ముకునే వ్యవధి దొరుకుతుంది.

పాత పుస్తకాల దుకాణాల్లో ఏదో కాలేజీ, యూనివర్సిటీ ముద్ర ఉన్న పుస్తకం చేతికి తగలడం మామూలే. అవన్నీ దొంగిలించినవి కావు. కాలం చెల్లిన పాఠ్యపుస్తకాలను లైబ్రరీలు నిబంధనల ప్రకారం తీసేసి తూకానికి అమ్ముతాయి. ఇవి ఏవో, ఎత్తుకొచ్చినవి ఏవో కొనేవాడికీ, అమ్మేవాడికీ తెలిసే మార్గం ఇప్పుడు లేదు. తీసేసే ప్రతి పుస్తకం మీదా ‘లెక్కలోంచి తీసివేయబడింది’ అన్న ముద్ర, తేదీ, సంతకం పడితే అవి లేని పుస్తకం ఎక్కడ కనిపించినా అడగవచ్చు. చాలా చోట్ల తీసివేతల రిజిస్టరు ఇప్పటికే ఉంది. ముద్ర కొట్టడం ఒక్కటే మిగిలింది.